మడమ వెనుక టెండన్‌కు మందు బరువే: ఎముకల వైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని ఎముకలు, కీళ్ల వైద్యులకు,



మీలో ఒకరు రాసిన మందుల చీటీ నా బల్ల మీద ఉంది. పేరూ ఊరూ చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న ఒక అమ్మాయి దాన్ని ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరకు తెచ్చింది. మడమకు రెండు మూడు వేళ్ల పైన టెండన్ ఉబ్బి ఉంది, పట్టుకుంటే నొప్పి. చీటీలో నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం, పూసుకునే జెల్, క్రేప్ బ్యాండేజీ ఉన్నాయి. వాటి కింద గీత గీసి మరీ రాసిన వాక్యం: మూడు నెలలు పూర్తి విశ్రాంతి, పరుగు బంద్. ఆ అమ్మాయి మీ మాట తు.చ. తప్పకుండా పాటించింది. నొప్పి పోయింది. సంతోషంగా గ్రౌండుకు వెళ్లింది. వారం తిరక్కుండానే నొప్పి మునుపటికంటే ఎక్కువై తిరిగొచ్చింది. రెండోసారి వెళితే, ఇంజెక్షన్ వేయించుకో, లేదంటే పరుగు మానెయ్ అన్నారట.

ఇది ఒక్క డాక్టరు మీద ఫిర్యాదు కాదు. ఇలాంటి చీటీలు నాకు ఏళ్ల తరబడి కనిపిస్తున్నాయి. చేతిరాతలు వేరు, ఆసుపత్రులు వేరు, సలహా మాత్రం ఒకటే. నొప్పి తగ్గేదాకా కదలకు, తగ్గాక నీ ఇష్టం. ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ మీకే రాస్తున్నాను, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఒక్క ప్రశ్న అడుగుతాను. నొప్పి పోయిన టెండన్, బలం వచ్చిన టెండన్ ఒకటేనా? మూడు నెలలు ఏ బరువూ మోయని అకిలిస్ టెండన్, నాలుగో నెల మొదటి రోజున పరుగు బరువును ఎలా మోస్తుందని మీరు అనుకుంటున్నారు?

ఆ బరువు ఎంతో మీకు నేను చెప్పాల్సిన పని లేదు గానీ, ఈ లేఖ చదివే మామూలు పాఠకుల కోసం చెబుతాను. పిక్కలోని రెండు పెద్ద కండరాలను మడమ ఎముకకు కలిపే తాడు ఇది. ఒంట్లోకెల్లా పెద్ద టెండన్, బలమైన టెండన్ ఇదే. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ దీని మీద పడే లాగుడు శరీర బరువుకు ఆరేడు రెట్లు ఉంటుంది. అరవై కిలోల మనిషి నెమ్మదిగా పరుగెత్తినా ఒక్కో అడుగుకు నాలుగు క్వింటాళ్ల చొప్పున లెక్క. 1600 మీటర్లలో అలాంటి అడుగులు వెయ్యికి పైనే. ఇంత పని చేసే కణజాలాన్ని మంచం మీద పడుకోబెట్టి బాగు చేయగలమా?

పడుకోబెడితే ఏమవుతుందో తెలిసిందే. వాడకం ఆగిన కొద్ది వారాల్లోనే పిక్క కండరం కరగడం మొదలవుతుంది, టెండన్ బిగువు తగ్గుతుంది. నొప్పి తగ్గిన మాట నిజమే, కాకపోతే నొప్పి పుట్టించే పని ఆగింది కాబట్టి తగ్గింది. లోపల మోసే శక్తి ఇంకా పడిపోయింది. రోగికి ఇది తెలియదు. మీకు తెలుసు. కోడెను మొదటి రోజే నిండు బండికి కట్టే రైతు ఉండడు. అలాగని కొట్టంలోనే కట్టేసి ఉంచి, సంక్రాంతి పందెం రోజున బయటికి తీసే రైతూ ఉండడు. రోజురోజుకూ కాస్త కాస్త బరువు పెంచుతాడు. టెండన్‌కు కావలసిందీ అదే.

ఇది ఫిజియోథెరపిస్టుల సొంత సిద్ధాంతం కాదు. మీ వృత్తిలోని మనిషే దీన్ని లోకానికి చూపించాడు. స్వీడన్‌లోని ఉమెవో నగరంలో హొకాన్ ఆల్ఫ్రెడ్సన్ అనే ఎముకల సర్జన్ ఉన్నారు. ఆయనకే అకిలిస్ టెండన్ నొప్పి పట్టుకుంది. పరుగు ప్రాణమైన మనిషి. ఆపరేషన్ చేయమని తన పై డాక్టరును అడిగితే కుదరదన్నారు. తెగితే ఎలాగూ ఆపరేషన్ చేయక తప్పదు కదా అని, టెండన్‌ను మరింత పాడు చేసే ఉద్దేశంతో మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం బరువుతో మొదలుపెట్టారు. తెగలేదు సరికదా, నొప్పి పోయింది.

అక్కడితో ఆగితే అది కథగానే మిగిలేది. ఆయన దాన్ని రోగుల మీద పరీక్షించి 1998లో అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఎంతోకాలంగా నొప్పితో పరుగు మానుకున్న 15 మంది, మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి, ఒక్కొక్కటి 15 చొప్పున మూడు విడతలు, పొద్దున, సాయంత్రం, 12 వారాలు. రోజుకు 180 సార్లు. నొప్పి తగ్గుతున్నకొద్దీ వీపున బ్యాగు తగిలించి అందులో బరువు పెంచుకుంటూ పోయారు. ఆ పదిహేను మందీ తిరిగి పరుగులోకి వచ్చారు. విశ్రాంతి, మందులు, మామూలు చికిత్సలతో సరిపెట్టిన పోలిక బృందం చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కింది. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత పాతికేళ్లకు పైగా వచ్చిన పరిశోధనలు ఆ పద్ధతిని సవరించాయే తప్ప దాని పునాదిని కదిలించలేదు. మెట్టు అంచున చేసినా, జిమ్ములో చేసినా, టెండన్‌కు క్రమంగా బరువు అలవాటు చేయడమే మొదటి చికిత్స. ఆ 1998 నాటి విషయం మన చీటీల్లోకి ఇంకా ఎందుకు రాలేదు?

ఓపీలో మీకున్న ఒత్తిడి నాకు తెలుసు. ఒక్కో రోగికి మూడు నాలుగు నిమిషాలు కూడా దొరకవు. రోగి కూడా మాత్రో సూదో రాయకపోతే వైద్యమే చేయలేదంటాడు. అయినా చెబుతున్నాను, ఆ మూడు నిమిషాల్లో మీరు అనే మాటకు ఉన్న బరువు నా గంట మాటకు లేదు. మన ఊళ్లలో డాక్టరు గారు విశ్రాంతి అన్నారంటే అది ఆజ్ఞ. మీరు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని రోగి మనసులోంచి తీసేయడానికి నాకు రెండు వారాలు పడుతుంది. మడమ ఎత్తమంటే వణుకుతారు. డాక్టరు గారు వద్దన్నారు కదా, నరం తెగిపోతుందేమో అంటారు. నొప్పి కంటే ముందు ఆ భయానికి వైద్యం చేయాల్సి వస్తోంది. ఆ భయం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది?

మీరు గదిలో చేయగలిగిన ఒక పరీక్ష గుర్తు చేస్తాను. స్కాన్ అక్కర్లేదు. గోడకు రెండు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మోకాలు వంచకుండా మడమ పూర్తిగా పైకి లేపి నెమ్మదిగా దించమనండి. మంచి కాలితో మొదలుపెట్టించండి. ఇరవై, ఇరవై అయిదు సార్లు లేపుతారు. తర్వాత నొప్పి కాలు. మొదటి మూడు బాగానే లేస్తాయి. నాలుగోసారికి మడమ సగమే లేస్తుంది. అయిదోసారికి ఒళ్లు ముందుకు వాలుతుంది, మోకాలు దొంగతనంగా వంగుతుంది, గోడ మీది వేళ్లు అరచేయిగా మారతాయి. చాలామంది అప్పుడే మొదటిసారి తమ కాలును నిజంగా చూసుకుంటారు. ఆ తేడాయే రోగం. ఆ తేడా పూడ్చడమే చికిత్స. అల్ట్రాసౌండ్‌లో టెండన్ లావుగా, మచ్చలుగా కనిపించడం నొప్పి పూర్తిగా పోయినవాళ్లలోనూ ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి రిపోర్టు కాగితం కంటే ఆ గోడ దగ్గరి లెక్కే మీకూ రోగికీ ఎక్కువ పనికొస్తుంది.

ఇక బరువు ఎలా పెంచాలన్నది. దీన్ని ఒక వాక్యంలో "వ్యాయామం చేయండి" అని రాసి పంపడం, మందు పేరు లేకుండా "మందు వేసుకోండి" అని రాయడం లాంటిదే. యాంటీబయాటిక్‌కు ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని రాసే మీరు, టెండన్‌కు ఇచ్చే బరువుకు మోతాదు ఎందుకు రాయరు?

మొదట్లో, కాలు బాగా నొప్పి పెడుతున్న రోజుల్లో, పరుగు, గెంతులు తగ్గించాల్సిందే. అందులో మీతో నాకు పేచీ లేదు. నడక మాత్రం ఆపనక్కర్లేదు. మన చెప్పులకు మడమ ఎత్తు ఉండదు, ఇంట్లో వట్టి కాళ్లతో తిరుగుతాం. అందుకని కొన్నాళ్లు చెప్పులో సెంటీమీటరు ఎత్తు పెట్టిస్తే టెండన్‌కు కాస్త ఊరట. అదే సమయంలో రెండు కాళ్ల మీద మడమలు లేపి, సగం ఎత్తులో అరనిమిషం, ముప్పావు నిమిషం నిలబెట్టడం మొదలుపెట్టవచ్చు. కొందరికి దీంతోనే నొప్పి సద్దుమణుగుతుంది, అందరికీ కాదు. తర్వాత రెండు కాళ్లతో నేల మీద, నిదానంగా, లేవడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు. పదిహేను చొప్పున మూడు విడతలు తేలికయ్యాక, లేవడం రెండు కాళ్లతో, దిగడం ఒంటికాలితో. ఆపైన లేవడమూ దిగడమూ ఒంటికాలితోనే.

ఇక్కడే చాలామంది ఆపేస్తారు, ఇక్కడే అసలు పని మొదలవుతుంది. ఒంటి బరువుతో పదిహేను సార్లు మడమ లేపగలిగినవాడు నడకకు సిద్ధం, పరుగుకు కాదు. బరువు చేర్చాలి. జిమ్ము లేని ఊళ్లో స్కూలు బ్యాగు చాలు, అందులో పుస్తకాలో, బియ్యమో, ఇటుకలో. కుర్చీలో కూర్చుని మోకాలి మీద బియ్యం బస్తా పెట్టుకుని మడమ లేపితే పిక్క లోపలి కండరం, సోలియస్, గట్టిపడుతుంది. పరుగులో ఎక్కువ భారం మోసేది అదే, మనవాళ్లు ఎప్పుడూ మరచిపోయేదీ అదే. డెన్మార్క్ పరిశోధకులు 2015లో ప్రచురించిన పద్ధతిలో వారానికి మూడు రోజులే చేయిస్తారు. మొదటి వారం పదిహేను సార్లు మాత్రమే లేపగలిగినంత బరువు. పోనుపోను సార్లు తగ్గుతూ బరువు పెరుగుతూ, తొమ్మిదో వారానికల్లా ఆరుసార్లకు మించి లేపలేనంత బరువు. ఫలితం రోజుకు 180 సార్ల పద్ధతితో సమానంగా వచ్చింది, రోగులు దాన్ని మరింత నిక్కచ్చిగా పాటించారు. పొలం పనికి వెళ్లొచ్చే మనిషికి ఏది కుదురుతుందో చూసి అది రాయవచ్చు.

ఈ మూడు రోజుల పద్ధతిలో మధ్యలో ఒకరోజు విరామం ఎందుకో కూడా చెప్పండి, చెబితే అర్థం చేసుకుంటారు. బరువైన వ్యాయామం తర్వాత టెండన్‌లో కొల్లాజెన్ కొత్తగా తయారవుతుంది, పాతది విరుగుతుంది కూడా. మొదటి ఒకటిన్నర రోజు విరగడమే ఎక్కువ, ఆ తర్వాత తయారయ్యేదే మిగులుతుంది. కాబట్టి ప్రతిరోజూ విరగదీసేలా పరుగెత్తినా నష్టమే, అసలు కదలకపోయినా నష్టమే. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంతోమంది కుర్రాళ్లు తమ శిక్షణను తామే దిద్దుకుంటారు.

నొప్పి ఎక్కడ ఉందన్న తేడా మీరు చూడకపోతే ఎవరు చూస్తారు? టెండన్ మధ్యలో నొప్పి అయితే మెట్టు అంచు నుంచి మడమను కిందికి దించవచ్చు. మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి అయితే దించకూడదు, నేల మట్టం దగ్గరే ఆగాలి. దించితే టెండన్ ఎముకకు ఒరుసుకుని నొప్పి పెరుగుతుంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంచుకునే వ్యాయామాల కాగితాల్లో ఈ తేడా ఉండదు. రెండు మడమలూ ఒకేసారి పట్టేసి, పొద్దున గంటసేపు విడవకపోతే, నడుము కూడా పట్టేస్తుంటే, అది వేరే కీళ్ల జబ్బు కావచ్చు. షుగర్ ఉన్నవారిలో టెండన్ తొందరగా కోలుకోదు. ఇవన్నీ తేల్చాల్సింది మీరే. ఆ పని మా చేతుల్లో లేదు, ఉండాలని నేను కోరడమూ లేదు.

నొప్పి గురించి మీ మాట మారాలి. నొప్పి ఉంటే చేయకు అన్నది చెప్పడానికి తేలిక. స్వీడన్‌కే చెందిన ఫిజియోథెరపిస్టు కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం 2007లో దీన్ని నేరుగా పరీక్షించింది. రెండు బృందాలకూ ఒకే బలవర్ధక వ్యాయామాలు ఇచ్చారు. ఒక బృందాన్ని మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానేయమన్నారు. రెండో బృందాన్ని నొప్పిని గమనించుకుంటూ కొనసాగించమన్నారు. పదిలో అయిదు వరకు నొప్పి పరవాలేదు, మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి, వారం వారానికీ పెరగకూడదు. ఏడాది తర్వాత చూస్తే రెండో బృందానికి ఏ నష్టమూ జరగలేదు, రెండు బృందాలూ ఒకేలా కోలుకున్నాయి. పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులే కొలమానం. నిన్నటి కంటే అవి కష్టంగా ఉంటే నిన్న ఎక్కువ చేశావు, అలాగే ఉంటే సరిపోయింది, తేలికైతే కాస్త పెంచు. అక్షరం రాని మనిషికి కూడా ఇది అర్థమవుతుంది. దీన్ని చెప్పడానికి అరనిమిషం చాలు.

పరుగు చివర్లో వస్తుంది, అదీ ఒక్కసారిగా కాదు. బరువు మోయడం వచ్చిన టెండన్‌కు వేగం నేర్పాలి. వడివడిగా మడమలు లేపడం, రెండు కాళ్లతో తాడాట, తర్వాత ఒంటికాలి గెంతులు. అవి మర్నాడు నొప్పి లేకుండా అయ్యాకే నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. రోజు విడిచి రోజు. ఆ తర్వాత దూరం, అన్నిటికంటే చివర స్ప్రింటు, ఎత్తు మీదికి పరుగు. ఇందుకు మూడు నెలలు కనీసం, ఆరు నెలలు మామూలు, ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. కొందరికి ఇవన్నీ సరిగ్గా చేసినా పూర్తిగా తగ్గదు, వాళ్లకు షాక్‌వేవ్ చికిత్స లాంటివి, అరుదుగా ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు. కానీ ఈ దారి అసలు నడిపించకుండానే వ్యాయామం పనిచేయలేదని రాసేస్తున్న చీటీలు చూస్తున్నాను. ఏ వ్యాయామం? ఎంత బరువుతో? ఎన్ని వారాలు?

ఇది ఎవరి సమస్యో చూడండి. మన రెండు రాష్ట్రాల్లో కానిస్టేబుల్ ఉద్యోగం అంటే ఒక పేద ఇంటికి జీవితకాలపు భద్రత. గత నియామకాల్లో ఆడపిల్లలకు తెలంగాణలో 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలన్నది నిబంధన. ఆంధ్రప్రదేశ్‌లో ప్రిలిమినరీ 2023 జనవరిలో జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. ఇంత ఆలస్యంలో పిల్లలు ఏం చేస్తారు? కొన్నాళ్లు పరుగెత్తి, తేదీ రాదని ఆపేసి, ఏదో దుకాణంలో పనికి కుదిరి, తేదీ ప్రకటించగానే తెల్లవారుజామున నాలుగింటికి బైపాస్ రోడ్డు మీదికి వచ్చేస్తారు. తారు రోడ్డు, అరిగిన బూట్లు, ఒక్కసారిగా పెరిగిన పరుగు. అకిలిస్ టెండన్‌ను పాడు చేయడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఆ తేదీలు మీ చేతుల్లో లేవు. కానీ ఆ పిల్లలు నొప్పితో మొదట వచ్చేది మీ దగ్గరికే. మూడు నెలల విశ్రాంతి రాయడమంటే వాళ్ల విషయంలో పరీక్ష వదులుకోమని రాయడమే. ఆరు వారాలు గడువుంటే ఆరు వారాల్లో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పే బాధ్యత మీకు లేదా?

కుర్రాళ్లే కాదు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం షటిల్ కోర్టులో దూకే నలభై ఏళ్ల ఉద్యోగి ఉన్నాడు. అలిపిరి మెట్లు ఎక్కి వచ్చాక మడమ పట్టేసిన గృహిణి ఉంది. ఆమెకు కొండ మెట్లు మళ్లీ ఎక్కొద్దని చెప్పి పంపేశారు. ఆమె జీవితంలో ఆ మెట్లకు ఉన్న చోటు ఏమిటో ఎవరైనా అడిగారా?

ఇంజెక్షన్ దగ్గరకు వస్తాను. స్టెరాయిడ్ సూదితో నొప్పి చప్పున తగ్గుతుందని నేను కాదనను. కానీ టెండన్‌లోకే సూది పడితే అది తెగే ప్రమాదం ఉందని మీ పాఠ్యపుస్తకాలే హెచ్చరిస్తున్నాయి. పరీక్ష రెండు వారాల్లో ఉందని సూది వేసి, ఏమీ చెప్పకుండా గ్రౌండుకు పంపడం వైద్యమా? నొప్పి అనే కాపలాదారును నిద్రపుచ్చి, అరిగిన తాడు మీద ఆరేడు రెట్ల బరువు వేయమనడం కాదా అది? సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ మందులు టెండన్‌ను దెబ్బతీయవచ్చని, తెగిపోయేలా కూడా చేయవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే అతి తీవ్రమైన హెచ్చరికను వాటి సమాచార పత్రాల్లో చేర్పించింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. మన దగ్గర విరేచనాలైనా, మూత్రంలో మంటైనా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి ఇవే. మడమ నొప్పితో వచ్చినవారిని ఈ మధ్య ఏ యాంటీబయాటిక్ వాడావని మీలో ఎంతమంది అడుగుతున్నారు?

తెగిన టెండన్ల సంగతి వేరు, కానీ అక్కడా ఇదే లోటు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించింది, చూస్తే ఎవరూ లేరు అని రోగి చెబుతాడు. పిక్క నొక్కితే పాదం కదలకపోతే విషయం తేలిపోతుంది, అయినా బెణుకు అని పంపేసినవాళ్లు వారాల తర్వాత నా దగ్గర తేలుతున్నారు. ఆపరేషనా, కట్టా అన్న చర్చ మీ సదస్సుల్లో ఎప్పుడూ నడుస్తుంది. నార్వేలో ఐదు వందల మందికి పైగా రోగుల మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత కాలి పనితీరులో ఆపరేషన్ చేసినవారికీ చేయనివారికీ తేడా కనిపించలేదు. మళ్లీ తెగడం ఆపరేషన్ లేనివారిలో నూటికి ఆరుగురిలో, ఆపరేషన్ అయినవారిలో నూటికి ఒక్కరికంటే తక్కువ మందిలో జరిగింది. నరాలు దెబ్బతినడం ఆపరేషన్ వైపే ఎక్కువ. దేన్ని ఎంచుకున్నా ఆ తర్వాత నెలల తరబడి చేయించే వ్యాయామం తప్పదు. కుట్లు విప్పి, పిండికట్టు తీసి, ఇక నడువు అని పంపేస్తే ఆ టెండన్ సాగిపోయి మడమ ఎప్పటికీ సగమే లేస్తుంది. మొదటి నెలల్లో దాన్ని సాగదీయకూడదన్న సంగతి కూడా చెప్పేవారు లేక, ఇంట్లో తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగుతూ కూర్చున్నవాళ్లను చూశాను.

క్రికెటర్ మహమ్మద్ షమీ 2024 ఫిబ్రవరిలో లండన్‌లో అకిలిస్ టెండన్ ఆపరేషన్ చేయించుకుని, నవంబరులో గానీ రంజీ మ్యాచ్‌తో మైదానంలోకి రాలేదు. ఆ నెలల్లో ఎక్కువ భాగం బెంగళూరు క్రికెట్ అకాడమీలో నిపుణుల కళ్లెదుట గడిచింది. మన జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న ఆటో డ్రైవరుకు ఆ అకాడమీ ఉండదు. అతనికి ఉన్నది మీరు రాసే డిశ్చార్జి కాగితం ఒక్కటే. అందులో తర్వాతి ఆరు నెలల గురించి ఎన్ని వాక్యాలున్నాయి?

మా వైపు తప్పు లేదని నేను చెప్పడం లేదు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం అని జనం అనుకుంటున్నారంటే, పది రోజులు యంత్రం తగిలించి డబ్బు తీసుకుని పంపేసే క్లినిక్కులు ఉండబట్టే. యంత్రంతో టెండన్ బరువు మోయడం నేర్చుకోదు. మీరు "ఫిజియోథెరపీ 10 రోజులు" అని రాసినప్పుడు ఆ పది రోజుల్లో ఏం జరిగిందో అడగండి. మా వాళ్లను నిలదీయండి. రోగి ఎన్నిసార్లు మడమ లేపుతున్నాడు, ఎన్ని కిలోలతో లేపుతున్నాడు అని ఫోన్ చేసి అడగండి. సమాధానం చెప్పలేని చోటికి మీ రోగులను పంపకండి. అలా మీరు అడగడం మొదలుపెడితే ఆరు నెలల్లో మా క్లినిక్కులు మారతాయి. మేము ఎంత మొత్తుకున్నా రాని మార్పు మీ ఒక్క ప్రశ్నతో వస్తుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మందుల చీటీలోనే నాలుగు పంక్తులు చాలు. ఏ వ్యాయామం, మోకాలు చాచా వంచా, ఎంత బరువుతో ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు, ఎంత నొప్పి వరకు పరవాలేదు, మళ్లీ ఎప్పుడు రావాలి. తిరిగి వచ్చిన రోజున గోడ దగ్గర నిలబెట్టి మళ్లీ లెక్కపెట్టండి. ఎనిమిది పన్నెండైంది, పన్నెండు ఇరవైయైంది అని మీ నోటితో చెప్పండి. ఆ మాట వినడం కోసం రోగి ఇంటి దగ్గర వ్యాయామం మానకుండా చేస్తాడు. మీ ఓపీ గోడ మీద ఇప్పటికే కాల్షియం కంపెనీ పోస్టరు ఉంది. దాని పక్కన మెట్టు అంచున మడమ లేపే బొమ్మ ఒకటి, తెలుగులో నాలుగు మాటలతో పెట్టించండి. మీ సంఘాల జిల్లా సమావేశాల్లో కీలు మార్పిడి మీద జరిగే ప్రసంగాల్లో ఒక గంట దీనికి ఇవ్వండి. పిలిస్తే మాలో ఎవరైనా వస్తాం, మీ ముందే రోగితో చేయించి చూపిస్తాం.

విశ్రాంతి అనే మాటను మీ చీటీల్లోంచి పూర్తిగా తీసేయమని నేను కోరడం లేదు. అది మొదటి కొద్ది రోజుల సలహాగా ఉండాలి. ఆ తర్వాతి మూడు నెలలను ఖాళీగా వదిలేయకండి. రేపటి ఓపీలో మడమ వెనుక నొప్పితో వచ్చే మొదటి మనిషికి మాత్ర పేరు రాసే ముందు, అతను ఒంటికాలితో ఎన్నిసార్లు మడమ లేపగలడో చూసి ఆ అంకె రాయండి. దాని కింద మోతాదు రాయండి.

ఇట్లు,
మీ తర్వాత మీ రోగులను చూసే
ఒక ఫిజియోథెరపిస్టు